తొలిప్రేమ మళ్లీ ఎదురైతే: మూడు నిదానపు కొరియన్ డ్రామాల్లో ఏది మేలు?

కొరియన్ డ్రామాల్లో ఈ కథకు ఎప్పుడూ గిరాకీయే. బడిలోనో కాలేజీలోనో ప్రేమించుకున్న ఇద్దరు విడిపోతారు. పదేళ్లో పాతికేళ్లో గడుస్తాయి. ఒకరోజు మళ్లీ ఎదురుపడతారు. ఆ తర్వాత కథ నత్తనడకన సాగుతుంది, చూసేవాళ్లు కూడా తొందరపెట్టరు. "ఇలాంటిది ఒక్కటి చూడాలనుంది, ఏది చూడమంటావు?" అని అడిగితే నా ముందు మూడు పేర్లు నిలబడతాయి. 2002 నాటి 'వింటర్ సొనాటా', 2020లో వచ్చిన 'వెన్ మై లవ్ బ్లూమ్స్', 2021 డిసెంబర్‌లో మొదలై 2022 జనవరిలో ముగిసిన 'అవర్ బిలవ్డ్ సమ్మర్'. మూడింట్లోనూ మూలకథ ఒకటే అయినా మూడూ మనల్ని చేర్చే చోట్లు వేరు. పోల్చాలంటే కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు. అసలేమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగి, 'అవర్ బిలవ్డ్ సమ్మర్' మొదలుపెట్టండి.

ముందు ఈ నిదానం సంగతి. మన సీరియళ్లు సాగదీస్తాయని విసుక్కునే మనం వీటిని మాత్రం ఎందుకు మెచ్చుకోవాలి అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన డైలీ సీరియల్ రేటింగ్ ఉన్నన్నాళ్లూ నడవాలి. దాని చివర ఎక్కడో మొదట్లో ఎవరికీ తెలియదు, అందుకే ఒక్క చెంపదెబ్బ మూడు రోజులు పడుతుంది. కొరియన్ మినీ సిరీస్‌కి ఎన్ని ఎపిసోడ్లో దాదాపు ముందే ఖాయమవుతుంది. వారానికి రెండు, ఒక్కోటి గంటో అంతకన్నా కాస్త ఎక్కువో, రెండు నెలల్లో కథ అయిపోతుంది. చివర తెలిసిన కథలో నిదానం ఉందంటే రాసినవాళ్లు కావాలని పెట్టుకున్నదే. కాబట్టి అది దేనికోసమో నిలదీసి అడగొచ్చు.

ఇద్దరూ కలుస్తారా లేదా అన్నది ఈ తరహా కథల్లో మొదటి ఎపిసోడ్‌కే తెలిసిపోతుంది. నేను చూసేది వేరొకటి. అప్పట్లో వాళ్లను విడదీసిన కారణం ఈ మధ్య కాలంలో ఏమైంది? అది పోయిందా, అలాగే ఉందా, ఉంటే ఈసారి దాన్ని ఎవరు ఎదుర్కొంటారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఆ పదహారు గంటలూ ఖర్చయితే నిదానం బరువనిపించదు.

'వింటర్ సొనాటా'తో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ దారి వేసిన పెద్దల్లో అదొకటి. కేబీఎస్2లో 2002 జనవరి నుంచి మార్చి వరకు 20 ఎపిసోడ్లుగా వచ్చింది. దర్శకుడు యూన్ సోక్‌హో ఋతువుల పేరు మీద తీసిన నాలుగింటిలో రెండోది. చున్‌చన్ హైస్కూల్లో చదివే జున్‌సాంగ్, యూజిన్ అప్పుడప్పుడే దగ్గరవుతుండగా అతను ప్రమాదంలో పోయాడన్న కబురు వస్తుంది. పదేళ్లకు, చిన్ననాటి స్నేహితుడు సాంగ్‌హ్యక్‌తో యూజిన్ పెళ్లి నిశ్చయమయ్యాక, అదే ముఖంతో మిన్‌హ్యంగ్ అనే ఇంకొకడు అమెరికా నుంచి దిగుతాడు. బే యోంగ్‌జూన్, చోయ్ జీవూ ఈ ఒక్క డ్రామాతో సొంత దేశం దాటిపోయారు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2003లో ప్రసారం చేస్తే నడివయసు ఆడవాళ్లు లక్షల్లో అతుక్కుపోయారు. 2004లో బే యోంగ్‌జూన్ టోక్యోలో విమానం దిగితే వేలమంది ఎదురుచూశారు. నామి ద్వీపంలో ఆ ఇద్దరూ నడిచిన చెట్ల బాట ఈనాటికీ పర్యాటకులతో నిండే ఉంటుంది.

మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లు ఇప్పటికీ బాగుంటాయి. మంచులో ఆ పిల్లలిద్దరూ ఏమీ మాట్లాడకుండా గడిపిన ఒక్క రోజు, మిగతా కథంతా దాని మీదే నిలబడింది. ఆ తర్వాతే చిక్కు. జ్ఞాపకం పోవడం, మళ్లీ ప్రమాదం, పుట్టుక రహస్యం, వీళ్లిద్దరూ ఒకే తండ్రి పిల్లలేమోనన్న భయం, చివరికి చూపు పోవడం... ఒకటి తీరేలోగా ఇంకొకటి. మన పాత సినిమాల్లో నలిగిన మలుపులే ఇవన్నీ. విడదీసిన కారణం ఎప్పుడూ బయటి నుంచే ఊడిపడుతుంది కనుక ఆ ఇద్దరికీ తేల్చుకోవాల్సింది పెద్దగా లేదు. ఏడుస్తారు, ఎదురుచూస్తారు. ఇక్కడ నిదానం అంటే ఒక పిడుగుకీ ఇంకో పిడుగుకీ మధ్య ఉన్న వ్యవధి. నిజమైన సంకటం యూజిన్‌కి ఒక్కచోటే ఉంది. అన్నేళ్లు తన పక్కన నిలబడ్డ సాంగ్‌హ్యక్‌కి ఇచ్చిన మాటేం కావాలి? అతను అన్నం మానేసి ఆస్పత్రి పాలయ్యే భాగం నన్ను బాగా కదిలించింది. డ్రామా అక్కడ ఇంకాసేపు నిలిస్తే బాగుండేది.

'వెన్ మై లవ్ బ్లూమ్స్' ఇందుకు పూర్తిగా ఎదురు. టీవీఎన్‌లో శని, ఆదివారాల్లో 16 ఎపిసోడ్లు వచ్చింది. కథ రెండు కాలాల్లో నడుస్తుంది, నలుగురు నటులు ఇద్దరిని పోషిస్తారు. నడివయసు జేహ్యన్, జీసూలుగా యూ జీతే, ఇ బోయంగ్. కాలేజీ రోజుల్లో గాట్7 అనే పాప్ బృందంలోని జిన్‌యంగ్, జోన్ సోనీ. ఆ కాలేజీ రోజులు 1990ల మొదటివి. 1987 జూన్ ఉద్యమంతో సైనిక పాలకులు దిగొచ్చి నేరుగా అధ్యక్ష ఎన్నికలు పెట్టారు. 1993 ఫిబ్రవరిలో కిమ్ యంగ్‌సామ్ గద్దెనెక్కడంతో మూడు దశాబ్దాల తర్వాత సైన్యంతో సంబంధం లేని మనిషి అధ్యక్షుడయ్యాడు. అయినా క్యాంపస్‌లో బాష్పవాయువు ఆగలేదు, కార్మికుల గొడవలు తీరలేదు. లా చదివే జేహ్యన్ ఆ ఉద్యమంలో ముందుండే కుర్రాడు. పియానో నేర్చుకునే జీసూ, ప్రభుత్వ ప్రాసిక్యూటర్ కూతురు, అతన్ని చూసి మనసు పారేసుకుని సిగ్గు విడిచి వెంటపడుతుంది. ఆ వెంటపడటం తీసిన తీరు ఎంత ముచ్చటగా ఉంటుందో! అమ్మాయి నోరు విప్పి అడుగుతుంటే అబ్బాయి తప్పించుకు తిరగడం, చివరికి అతనే ఆమె కోసం గేటు దగ్గర కాచుకోవడం.

పాతికేళ్లకు కొడుకుల బడి గొడవ వాళ్లను మళ్లీ ఎదురెదురు నిలబెడుతుంది. అప్పటికి ఇద్దరూ చోట్లు మారిపోయి ఉంటారు. కార్మికుల పక్షాన నిలబడ్డ జేహ్యన్ ఇప్పుడు ఒక పెద్ద వ్యాపార సామ్రాజ్యానికి అల్లుడు, మామ తరఫున జైలుకి కూడా వెళ్లొచ్చినవాడు, ఉద్యోగాలు పీకే సంతకాలు చేసేవాడు. ఏమీ తెలియని పెద్దింటి పిల్ల జీసూ ఇప్పుడు విడాకులు తీసుకుని, దొరికిన చిన్నాచితకా పనులతో కొడుకుని పెంచుకుంటూ, అదే కంపెనీ మార్ట్‌లో ఉద్యోగాలు పోయిన ఆడవాళ్ల ధర్నాలో కూర్చుంటుంది. ఒకప్పుడు అతని దగ్గర నేర్చుకున్నదాన్ని ఆమె వదల్లేదు, నేర్పినవాడే వదిలేశాడు. 1997 చివర్లో కొరియా ఐఎమ్‌ఎఫ్ దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చిన సంక్షోభం తర్వాత అక్కడ కాంట్రాక్టు కొలువులు ఎలా పెరిగిపోయాయో తెలిసినవాళ్లకు జీసూ బతుకు ఇంకా బాగా అర్థమవుతుంది. 1995 జూన్ 29న సియోల్‌లో సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. ఆ ఘోరాన్ని గుర్తుచేసే ప్రమాదమొకటి జీసూ ఇంట్లోనూ చావు నింపుతుంది, ప్రేమను మింగేస్తుంది. ఒక దేశం గాయపడ్డ చోటే ఈ ఇద్దరూ తెగిపోయారు. కాబట్టి మళ్లీ ప్రేమించడం అంటే జేహ్యన్‌కి తను ఎవరై ఉండేవాడో ఆ మనిషి ముందు నిలబడటం. ఈ నిదానం నాకు పూర్తిగా సమ్మతం. పాతికేళ్ల బరువు నాలుగు మాటల్లో దిగదు.

మరి ఇదే మొదటి స్థానం ఎందుకు కాలేదు? రెండు కారణాలు. ఒకటి, జేహ్యన్ పెళ్లయినవాడు. మన ఇళ్లలో ఈ డ్రామా మాట రాగానే వచ్చే మొదటి అభ్యంతరం అదే, కొట్టిపారేయాల్సింది కాదు. దాన్ని నిజాయితీగా ఎదుర్కోవాల్సిన రచన, భార్యకు వేరే సంబంధం ఒకటి అంటగట్టి అతని దారి సులువు చేసింది. తప్పు తేలికైతే ప్రేమ కూడా తేలికైపోతుంది. రెండోది, తండ్రి చావు లెక్క తేల్చడానికే అతను ఆ ఇంట చేరాడన్న సంగతి. అది బయటపడ్డాక అతను నిజంగా మారిపోయాడా అన్న ప్రశ్నే నీరుగారిపోతుంది. రెండో సగంలో మామా అల్లుళ్ల ఎత్తులు పైఎత్తులు ఆక్రమించాక, కాలేజీ ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడొస్తుందా అని కాచుకు కూర్చోవాల్సి వస్తుంది.

'అవర్ బిలవ్డ్ సమ్మర్'లో ఇంత చరిత్ర లేదు, చావులు తక్కువ, కుట్రలు లేవు. ఎస్‌బీఎస్‌లో సోమ, మంగళవారాల్లో వచ్చింది, మనకు నెట్‌ఫ్లిక్స్‌లో దొరుకుతుంది. బడిలో ఫస్టొచ్చే గూక్ యన్‌సూ, ఆఖరి ర్యాంకు చోయ్ ఉంగ్. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి టీవీ వాళ్లు ఒక డాక్యుమెంటరీ తీస్తారు. కొట్లాటతో మొదలై ప్రేమలో పడి, కొన్నేళ్లు కలిసి తిరిగి, విడిపోతారు. తీసిన పదేళ్లకు ఆ పాత డాక్యుమెంటరీ ఇంటర్నెట్‌లో పేలిపోవడంతో ఇద్దర్నీ మళ్లీ కెమెరా ముందుకి లాగుతారు. ఉంగ్ ఇప్పుడు పేరున్న చిత్రకారుడు, భవనాలూ చెట్లూ తప్ప మనుషుల్ని గీయడు. యన్‌సూ ప్రచార సంస్థలో ఉద్యోగి, పనికోసం అతని గడప తొక్కాల్సి వస్తుంది. చోయ్ వూషిక్, కిమ్ దామి అంతకుముందు ఒక సినిమాలో కలిసి చేసినవాళ్లు కావడంతో ఆ చనువు మొదటి సీన్ నుంచే కనబడుతుంది.

వీళ్లు విడిపోవడానికి విలన్ లేడు. యన్‌సూని పెంచింది అవ్వ. మేనత్తలూ బాబాయిలూ ఆదుకునే కుటుంబం కాదు, పైగా నెత్తిన అప్పు వచ్చి పడుతుంది. తల్లిదండ్రుల హోటళ్లున్న ఉంగ్‌తో ఆ మాట చెప్పుకోవడం ఆమెకు చావుతో సమానం. అందుకని కారణం చెప్పకుండా, మనసు విరిగేలా మాట్లాడి వెళ్లిపోతుంది. అటు ఉంగ్ కన్నతండ్రి చేత చిన్నప్పుడే వదిలివేయబడ్డవాడు, ఇప్పుడున్నది పెంచిన అమ్మానాన్నలు. ఎందుకో చెప్పకుండా వదిలేయడం ఎవరికైనా బాధే, అతనికి మాత్రం అది పాత గాయం మీద కత్తి. ఒకరి అభిమానం, ఇంకొకరి భయం. అంతే కారణం. కొన్నేళ్లకు మళ్లీ ఎదురుపడినప్పుడు ఆ రెండూ చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి, వాళ్లే మారాలి. నేను మొదట్లో చెప్పిన కొలతకి ఇంతకన్నా సూటిగా నిలబడిన డ్రామా నాకు కనబడలేదు.

అందుకే ఇందులోని మౌనాలు పని చేస్తాయి. వానలో ముద్దు పెట్టుకున్న తర్వాత సంబరపడాల్సిన చోట ఉంగ్ వచ్చి స్నేహితులుగా ఉందామంటాడు. మళ్లీ ఓడిపోవడానికి ధైర్యం చాలక అన్న మాట అది. ఆ తర్వాతి రెండు ఎపిసోడ్లలో ఏమీ జరగనట్టే ఉంటుంది. యన్‌సూ ఇంట్లో అతను నిద్రపోతాడు, తింటాడు, పుస్తకం తిరగేస్తాడు. కానీ ఆ సాయంత్రాల్లోనే ఒక్కో మాటా బయటికి రావడానికి దారి చేసుకుంటుంది. ఒకే రోజుని ముందు అతని వైపు నుంచి, తర్వాత ఆమె వైపు నుంచి చూపించే పద్ధతి కూడా ఇందుకే అవసరమైంది. ఒకరు చెప్పింది ఇంకొకరు ఎలా విన్నారో మనకి తెలియాలి కదా.

మూడో మనిషి విషయంలో కూడా ఇదే గెలుస్తుంది. కెమెరా వెనకాల నిలబడి చిత్రీకరిస్తున్న జీఉంగ్, యన్‌సూని చాన్నాళ్లుగా ప్రేమిస్తున్నవాడు. స్నేహితుడి పొంగునీ ఏడుపునీ తన లెన్స్‌లోంచే చూస్తూ నోరు మెదపడు. సాంగ్‌హ్యక్ లాగా అన్నం మానడు, జేహ్యన్ భార్య లాగా కథకు అడ్డుగోడ కాడు. తల్లితో అతనికున్న చల్లని దూరం, చివర్లో ఆమెనే చిత్రీకరించాల్సి రావడం విడిగా ఒక డ్రామాకి సరిపోతుంది. పాప్ తార ఎన్‌జే కథ, ఆఫీసు కథ కొంచెం పలచన. వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

కాబట్టి ఒక్కటే చూసే తీరిక ఉంటే 'అవర్ బిలవ్డ్ సమ్మర్' చూడమంటాను, ఏ వయసువాళ్లకైనా. నలభై దాటి, కాలేజీ రోజుల్లో ఏదో ఒక జెండా పట్టుకున్నవాళ్లయితే 'వెన్ మై లవ్ బ్లూమ్స్'ని వదలొద్దు. లోపాలున్నా అది తాకే చోటు ఇంకేదీ తాకదు. విద్యార్థి ఉద్యమాలు దగ్గర్నుంచి చూసిన మన తరం తెలుగువాళ్లకు ఆ క్యాంపస్ సీన్లు పరాయి దేశానివి అనిపించవు. 'వింటర్ సొనాటా' కేడ్రామా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి, మంచూ పియానో సంగీతమూ ఇష్టపడేవాళ్లకి. ఇంకా నిదానం కావాలంటే 2020లోనే జేటీబీసీలో వచ్చిన 'వెన్ ద వెదర్ ఈజ్ ఫైన్' ఉంది. సియోల్‌లో చెలో వాయించే బతుకుతో విసిగి పల్లెకి తిరిగొచ్చిన అమ్మాయి, బడి రోజుల నుంచీ ఆమెను మూగగా ప్రేమిస్తూ పుస్తకాల కొట్టు నడుపుకునే అబ్బాయి. చలికాలంలో రాత్రిపూట చూడదగ్గది.

చూసే పద్ధతి గురించి ఒక్క మాట. ఇవి వారానికి రెండు చొప్పున చూడటానికి తీసినవి, ఒక్క రాత్రిలో ఆరేడు చూస్తే ఆ మౌనాలన్నీ కలిసి విసుగైపోతాయి. వేగం పెంచి చూసే అలవాటుంటే ఉంగ్, యన్‌సూల కథకి మాత్రం ఆ పని చేయకండి, వాళ్ల జవాబులు సబ్‌టైటిల్స్‌లో కన్నా మాటకీ మాటకీ మధ్య ఉన్న ఆలస్యంలోనే ఎక్కువ. జేహ్యన్ మామగారి బోర్డు మీటింగులు వచ్చినప్పుడు కాస్త ముందుకు జరిపినా ప్రేమకథ ఎక్కడా తెగదు.