దవడ మర్దనకి మంచి మార్కులు, ఇంటికిచ్చే కాగితానికి కాదు

నిద్రలో పళ్లు నూరేవాళ్లకి దవడ ఫిజియోథెరపీ చేసే సెంటరిది, విశాఖ ఎంవీపీ కాలనీలో. పిల్లాడు పళ్లు నూరితే నులిపురుగుల మందు మింగించి ఊరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అందుకే ఇలాంటి సేవ ఊళ్లో దొరకడం సంతోషం.

ముందు నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలు పెట్టి కొలుస్తారు. పెద్దవాళ్లకి సుమారు 40 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఎవరి మూడు వేళ్లు వాళ్ల నోట్లో నిలువుగా పట్టాలి. గడ్డం పక్కకి లాగుతోందా, చెవి ముందు కీలు టక్కుమంటోందా కూడా చూస్తారు.

చేతిపని నిజంగా బాగుంది. గ్లవ్ వేసుకున్న వేలు బుగ్గ లోపల, ఇంకో వేలు బయట పెట్టి నమిలేటప్పుడు పనిచేసే మాసెటర్ కండరాన్ని మధ్యలో పట్టుకుంటారు. గట్టిగా తగిలిన చోట అర నిమిషం ఆగి, వదులయ్యాకే ముందుకెళతారు. తరవాత బొటనవేలు కింది దవడ పళ్లమీద ఆనించి, కీలుని మెల్లగా కిందికి లాగుతారు. ఇక్కడ బలం చూపిస్తే కండరం ఇంకా బిగుసుకుంటుంది, మర్నాటికి నొప్పి పెరుగుతుంది. వీళ్లు ఆ తొందర పడరు.

లోపమల్లా ఇంటికిచ్చే కాగితంలో. ‘నోరు వీలైనంత పెద్దగా తెరవండి, 20 సార్లు’ అని ఉంది. కీలు టక్కుమనేవాళ్లకి ఇది చెరుపు. నాలుక అంగిలికి ఆనించి, అది అంగిలిని వదలనంతవరకే నోరు తెరవాలి. చిలీ ఫిజియోథెరపిస్టు రొకబాదో పద్ధతిలో ఒక్కో వ్యాయామం 6 సార్లు, రోజుకి 6 విడతలు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ చెయ్యడమే అందులో కీలకం.

పగటి అలవాటు గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. పెదాలు కలిసుండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొన ‘ల’ అన్నప్పుడు తాకేచోట ఉండాలి. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడల్లా పళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూసుకుంటే చాలు, సగం పని అయినట్టే. నొప్పి తగ్గేదాకా బీచ్ రోడ్డు మొక్కజొన్న పొత్తులు మానాలి.

కౌంటర్లో ‘పది సిట్టింగులకి నూరడం ఆగిపోతుంది’ అంటున్నారు. ఆ మాట నమ్మొద్దు. ఈ చికిత్సతో నొప్పి తగ్గుతుంది, నోరు బాగా తెరుచుకుంటుంది. నిద్రలో నూరడం మాత్రం మెదడు నుంచి వచ్చేది, దవడ పిసికితే ఆగుతుందన్న హామీ లేదు. పళ్లు అరగకుండా డెంటిస్టు చేత గట్టి యాక్రిలిక్ నైట్ గార్డ్ (రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు) చేయించుకోవాలి. మెత్తటి గార్డుల్ని కొందరు నమిలి చీల్చేస్తారు. గురక, నిద్రలో ఊపిరాగడం ఉన్నా, డిప్రెషన్ మందులు మొదలయ్యాక నూరడం వచ్చినా డాక్టరుకి చెప్పాలి. మందు సొంతంగా ఆపకూడదు.

నోరు ఉన్నట్టుండి బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టకపోతే, ఇక్కడికి కాదు, ముందు డెంటల్ సర్జన్ దగ్గరికి వెళ్లండి.