పడకగది గోడకు బొమ్మ: చేత్తో గీయాలా, స్టెన్సిలా, వాల్‌పేపరా?

మీకు బొమ్మలు గీయడం వచ్చా రాదా అన్నది తర్వాతి సంగతి. ముందు గోడ సంగతి చూడాలి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో గోడకు బిగించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటిబొట్లు కనిపిస్తే నెమ్ము ఉన్నట్టే. బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ, ఏసీ నీళ్ల పైపు పోయే గోడ అయితే ఈ పరీక్ష తప్పనిసరి. నెమ్ము గోడ మీద మూడూ దండగే: రంగు పొక్కులు లేచి పెచ్చులూడుతుంది, వాల్‌పేపర్ వెనక బూజు పడుతుంది. ఆ తర్వాత తడి వేలితో గోడను రుద్దండి. వేలికి తెల్లగా పొడి అంటితే అది పాత డిస్టెంపర్. దాన్ని గీకి ప్రైమర్ కొట్టకుండా పైన ఏం వేసినా అంతా కలిసి ఊడొస్తుంది. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి.

గోడ బాగుంది, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకుందాం.

వాల్‌పేపర్ పని ఒక పూటలో అయిపోతుంది, దాని గొప్పంతా అదే. మన దగ్గర దొరికే మామూలు రోల్ 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు. ఈ గోడకు ఆరు పట్టీలు కావాలి. పైనా కిందా కత్తిరింపుకు ఆరంగుళాలు కలుపుకుంటే ఒక్కో పట్టీ పదిన్నర అడుగులు, అంటే రోల్‌కు మూడు. రెండు రోల్స్ చాలు. కానీ డిజైన్ 24 అంగుళాలకోసారి తిరిగి వచ్చేదైతే, పువ్వుకు పువ్వు కలవాలంటే ఒక్కో పట్టీకి 12 అడుగులు పోతాయి. అప్పుడు రోల్‌కు రెండే పట్టీలు, మూడో రోల్ కొనాల్సిందే. షాపులో చదరపు అడుగుల లెక్క మాత్రమే చెబితే మోసపోకండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో మాత్రం నేను వాల్‌పేపర్ వద్దనే అంటాను. ఆ గాలి తేమకు ముందుగా అతుకుల అంచులే లేస్తాయి.

ఒకే ఆకు, ఒకే జాలీ గోడంతా పరుచుకోవాలంటే స్టెన్సిల్‌ను, అంటే డిజైన్ మేరకు కత్తిరించిన షీటును, మించింది లేదు. రెండడుగుల చదరం షీటైతే ఈ గోడకు పాతికసార్లు అద్దాలి. అర లీటరు ఎమల్షన్ పెయింట్ సరిపోతుంది. ఇందులో చెడేది దాదాపు ఎప్పుడూ ఒక్కటే: రంగు షీటు కిందికి పాకి అంచులు అలుక్కుపోవడం. బ్రష్ మీద రంగు ఎక్కువైనా, నీళ్లు కలిపినా జరిగేది అదే. నీళ్లు అసలు కలపొద్దు. స్పాంజిని రంగులో ముంచాక పాత పేపరు మీద దాదాపు ఆరిపోయేదాకా అద్ది, అప్పుడు గోడ మీద నిలువుగా తట్టండి, రుద్దొద్దు. రెండు పలుచని పూతలు ఒక దట్టమైన పూత కన్నా మేలు. నాలుగైదు అద్దకాలకోసారి షీటు వెనక వైపు తుడవాలి. సీలింగ్ గీతను నమ్మి మూల నుంచి మొదలుపెట్టొద్దు, మన ఇళ్లలో అది అరుదుగా మట్టంగా ఉంటుంది. గోడ మధ్యలో తూకం గుండు వేలాడదీసి అక్కణ్నుంచి అటూ ఇటూ జరగండి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద కత్తిరించుకున్న స్టెన్సిల్ కూడా పనిచేస్తుంది, చిన్న బొమ్మలకు మాత్రమే.

ఒకే పెద్ద చెట్టో, నెమలో, చేర్యాల బొమ్మల తీరులో ఊరేగింపో కావాలంటే చేత్తో గీయడమే దారి. అనుకున్నంత కష్టమూ కాదు. పదంగుళాల చదరం కాగితం మీద బొమ్మ వేసి, అంగుళానికో గడి గీయండి. గోడ మీద సుద్దపొడి రాసిన దారం బిగలాగి అడుగుకో గడి కొట్టండి. ఏ గడిలోది ఆ గడిలో దించడమే. గీయడానికి పెన్సిల్ కన్నా బొగ్గు మేలు. శ్రీకాళహస్తి కలంకారీలో కాల్చిన చింతపుల్లతో గీసేది ఊరికే కాదు, గుడ్డతో విదిలిస్తే పోతుంది. లేత పసుపు కింద పెన్సిల్ గీత ఎన్ని పూతలేసినా కనిపిస్తూనే ఉంటుంది. అయితే రంగు వేసే ముందు బొగ్గుపొడి దులపకపోతే తెలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

చేర్యాల తీరు కొత్తవాళ్లకు అనువు: చదునైన రంగులు, స్పష్టమైన గీతలు, నీడల బెడద లేదు. చిక్కంతా దాని ఎర్రటి నేపథ్యంతోనే. ఎరుపు, పసుపు ఎమల్షన్లకు కింది రంగును కప్పే గుణం తక్కువ. తెల్లగోడ మీద నేరుగా వేస్తే నాలుగు పూతలకూ బ్రష్ చారలు పోవు. ముందు ఒక పూత లేత బూడిదరంగు వేస్తే రెండు మూడింటితో తేలుతుంది. తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (చిన్న సీసాల్లో దొరికే చిక్కటి రంగు) కలిపి ముదురు ఎరుపు తెద్దామనుకోవద్దు. లీటరుకు 50 మిల్లీలీటర్లు దాటితే రంగు సరిగా ఆరక చేతికి అంటుతుంది, అయినా వచ్చేది గులాబీ రంగే. ముదురు రంగులను షాపులో మెషీన్ మీద కలిపించుకోండి.

గోడ మీద ఇప్పటికే మెరిసే వాషబుల్ పెయింట్ ఉంటే, స్టెన్సిలైనా చేతి బొమ్మైనా ముందు 220 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేలా రుద్దాలి. లేకపోతే కొత్త రంగు గోరుతో గీకినా లేస్తుంది.

మంచం తలవైపు గోడైతే ఇంకో లెక్క ఉంది. తలనూనె మరక నేల నుంచి మూడు మూడున్నర అడుగుల దాకా పడుతుంది. ముఖ్యమైన బొమ్మంతా దానికి పైనే ఉంచి, కింద తుడవడానికి వీలైన ముదురు పట్టీ వేయండి. ఇది చేతి బొమ్మలో తేలిక, స్టెన్సిల్‌లోనూ కుదురుతుంది, వాల్‌పేపర్‌లో మాత్రం మరక పడ్డ పట్టీ మొత్తం మార్చాలి.

అద్దె ఇల్లయితే తీసేసే రోజు గురించి కూడా ఆలోచించాలి. చేతి బొమ్మ మీద ఒక ప్రైమర్, రెండు పూతల ఎమల్షన్ చాలు. స్టెన్సిల్ అంచులు ఉబ్బుగా ఉంటాయి కాబట్టి ముందు 180 నంబరు కాగితంతో అరగదీయాలి, లేకపోతే కొత్త రంగు కింద పాత డిజైన్ నీడలా కనిపిస్తుంది. వాల్‌పేపర్ ఊడదీశాక గోడకు మిగిలిన జిగురును గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీదే రంగు వేస్తే పగుళ్లు వస్తాయి.