క్యాటలిస్ట్ స్విచ్‌లో కాపీ కమాండ్: వాడిచూసిన మీదట

మా క్యాంపస్ నెట్‌వర్క్‌లో కంప్యూటర్లను కలిపే పాత క్యాటలిస్ట్ 2960 స్విచ్‌లకూ, తర్వాత వచ్చిన 9200లకూ కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) బ్యాకప్ తీయడం, అవసరమైనప్పుడు కొత్త ఇమేజ్ (స్విచ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఫైలు) ఎక్కించడం నా పని. ఈ రెండు పనులకూ తయారీ సంస్థ సిస్కో ఇచ్చిన ముఖ్య సాధనం కాపీ అనే ఒక్క కమాండ్. దాని మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయితే ఫైలును ఏ ప్రోటోకాల్ మీద పంపుతున్నాం, చేరాక సరిచూశామా అన్న విషయాల్లో మాత్రం మనమే జాగ్రత్త పడాలి.

కమాండ్ రూపం ఎంతో సరళం. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది చెబితే చాలు. ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ:’ అని, అంటే ఇప్పుడు అమల్లో ఉన్న సెట్టింగులను టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ ప్రోటోకాల్ మీద పంపమని కొట్టగానే సర్వర్ అడ్రస్, ఫైలు పేరు అదే అడుగుతుంది. ఇమేజ్‌ను ఫ్లాష్‌లోకి (స్విచ్‌లో ఫైళ్లు నిలవ ఉండే మెమరీలోకి) దించుకుంటున్నప్పుడు తెరపై ఆశ్చర్యార్థకాలు వరుసగా పడుతుంటాయి. ఒక్కో గుర్తుకు పది ప్యాకెట్లు సరిగా అందినట్లు లెక్క. దాని బదులు చుక్క పడితే అవతలి నుంచి జవాబు సకాలంలో రాలేదని అర్థం. ఇంత చిన్న సూచనతో లింకు పరిస్థితి తెలిసిపోవడం నాకు బాగా నచ్చింది.

టీఎఫ్‌టీపీని మాత్రం నేను సిఫారసు చేయను. 1992 నాటి ప్రమాణం ప్రకారం అది ఒకసారికి 512 బైట్లు పంపి, అందినట్లు కబురు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. బ్లాకు సంఖ్యకు 16 బిట్లే ఉండడం వల్ల కొన్ని పాత సర్వర్ ప్రోగ్రాములు 32 ఎంబీ దగ్గరే ఆగిపోతాయి. 9200 ఇమేజ్‌లేమో వందల ఎంబీల్లో ఉంటాయి. అంతకన్నా ముఖ్యంగా, దానికి పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ పేర్లతో (స్విచ్‌ను దూరం నుంచి గమనించడానికి వాడే పాస్‌వర్డ్ లాంటి మాటలతో) సహా కాన్ఫిగ్ మొత్తం తీగ మీద బాహాటంగా పోతుంది.

అందుకే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌సీపీకి మారాను. స్విచ్‌లో ఎస్ఎస్‌హెచ్ (సురక్షిత లాగిన్ పద్ధతి) సిద్ధం చేసి, ‘ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్’ అన్న వరుస చేర్చి, ప్రివిలేజ్ 15 (అత్యున్నత అధికార స్థాయి) ఉన్న యూజర్‌తో నా లినక్స్ యంత్రం నుంచే ఫైళ్లు తెచ్చుకుంటున్నాను. 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.0 (లినక్స్‌లోని ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాముల సముదాయం) నుంచి ఎస్‌సీపీ ప్రోగ్రాము లోపల ఎస్ఎఫ్‌టీపీ అనే మరో ప్రోటోకాల్‌ను వాడుతుంది కనుక, పాత పద్ధతినే వాడమని కమాండ్‌లో మైనస్ పెట్టి పెద్ద ‘ఓ’ చేర్చితే గాని నా స్విచ్‌లతో పని జరగదు. ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటూ కూర్చున్నాను.

కొత్తగా వాడేవారు తప్పక తెలుసుకోవలసినది మరొకటి ఉంది. పాత బ్యాకప్‌ను రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తే, ఉన్నది పోయి అది రాదు, ఉన్నదానితో కలిసిపోతుంది. బ్యాకప్ తీశాక పన్నెండో పోర్టుకు పోర్ట్-సెక్యూరిటీ (ఆ పోర్టుకు ఏ పరికరాలు తగలవచ్చో పరిమితం చేసే సెట్టింగ్) పెట్టారనుకోండి, పాత ఫైలులో ఆ ఊసే లేదు కాబట్టి కాపీ అయ్యాక కూడా అది అక్కడే ఉంటుంది. ఇది లోపం కాదు, ఆ కమాండ్ పనిచేసే తీరే అంత. పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే ‘కాన్ఫిగర్ రీప్లేస్’ వాడాలి.

ఇమేజ్ ఎక్కించే ముందు ‘డిర్ ఫ్లాష్:’ కొట్టి ఖాళీ ఎంతుందో చూడాలి. మా 2960లలో ఫ్లాష్ 32 ఎంబీ మాత్రమే కావడంతో ఒక్కోసారి పాత ఇమేజ్‌ను ముందే తీసేయవలసి వస్తుంది. కొత్తది చేరి సరిచూసే వరకు ఆ స్విచ్‌ను రీలోడ్ (రీస్టార్ట్) చేయకూడదు. సరిచూడడానికి ‘వెరిఫై /ఎండీ5’ ఉంది. సిస్కో డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన 32 అక్షరాలను (ఫైలుకు వేలిముద్ర లాంటి ఎండీ5 విలువను) కంటితో పోల్చుకోనక్కర్లేదు. ఫైలు పేరు తర్వాత వాటిని అతికిస్తే స్విచ్చే లెక్కగట్టి, సరిపోతే ‘వెరిఫైడ్’ అని చూపుతుంది. ఆ మాట చూసేదాకా నేను బూట్ సెట్టింగ్ (స్విచ్ ఏ ఇమేజ్‌తో మొదలవాలో చెప్పేది) ముట్టుకోను.