వంటింటి గుమ్మానికి సేఫ్టీ గేటు: చాలాకాలం వాడాక

గోడకు చిల్లు పెట్టకుండా, నాలుగు బోల్టుల ఒత్తిడి మీద గుమ్మంలో నిలబడే ఇనుప గేటు ఇది. ఎత్తు 75 సెంటీమీటర్ల పైచిలుకు. పాకే పిల్లల్ని పొయ్యికీ, కింద దించిన వేడి గిన్నెలకీ దూరంగా ఉంచడానికి కొన్నాం. ఆ పనికి బాగుంది. మేడమెట్ల పైన పెట్టడానికి మాత్రం కొనకండి.

పెట్టె విప్పగానే కంగారు పుట్టించేది గడియ దగ్గరి సందు. గేటు వేసినా గడియ చట్రానికి అందదు, వంకర సరుకు పంపారనిపిస్తుంది. వెనక్కి పంపేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పంపేస్తారు. నిజానికి వంకరేమీ లేదు. చట్రానికి అడుగున పట్టీ ఉంటుంది, పైన ఉండదు, అందుకే పైభాగం కాస్త విచ్చుకుని ఉంటుంది. పై బోల్టులు బిగించేకొద్దీ ఆ సందు మూసుకుంటుంది. ముందు కింది రెండూ, తర్వాత పై రెండూ చేత్తో తిప్పి, ఆ తర్వాత స్పానరుతో రెండువైపులా సమానంగా కొద్దికొద్దిగా బిగించాలి. గడియ టక్కున పడిందంటే ఆపేయొచ్చు. ఇంకా తిప్పితే గేటు ఇరుక్కుంటుంది.

చెక్క ద్వారబంధం ఉంటే ఇంతటితో అయిపోయినట్టే. లేని గుమ్మాల్లోనే తంటా. గోడ అడుగున ఉండే స్కర్టింగు పట్టీ గోడకంటే కాస్త ముందుకొస్తుంది కాబట్టి కింది బోల్టును ఆ మేరకు లోపలికి తిప్పాలి. బోల్టు చివరి రబ్బరు బిళ్ల సగం స్కర్టింగు అంచు మీద, సగం గాల్లో ఉంటే ఆ గేటు నిలవదు. నున్నటి టైలు మీదైతే బిళ్ల జారుతుంది. బిళ్ల కూర్చునేలా గోడకు అతికించే చిన్న ప్లాస్టిక్ కప్పులు పెట్టెలో వచ్చేది అందుకే, పారేయకండి. వంటింటి జిడ్డుకీ ఆవిరికీ జిగురు వదిలేస్తుంది, గోడకు చిన్న చిల్లు పడినా కప్పుల్ని స్క్రూతో బిగించడమే మేలు. ఊచల మధ్యగానీ, గోడ పక్కనగానీ సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు.

రోజూ తీసి వేసే ఊపుకు నట్లు వదులవుతాయి. గడియ దగ్గర సందు మళ్లీ కనబడితే అదే గుర్తు. కనబడకపోయినా వారానికోసారి పై భాగం పట్టుకుని గట్టిగా తోసి చూడాలి.

పెద్ద లోపం ఆ అడుగు పట్టీయే. రెండు మూడు సెంటీమీటర్లే గానీ, చీర కుచ్చిళ్లతో, చేతిలో పులుసు గిన్నెతో దాటే అమ్మమ్మకు అదే తగులుతుంది. వంటింటి దగ్గరైతే తూలి నిలదొక్కుకోవచ్చు. మెట్ల పైన తట్టుకుంటే నేరుగా కిందికే. పైగా పిల్లాడు ఆనుకున్నప్పుడు బోల్టు జారితే గేటూ పిల్లాడూ కలిసి పడతారు. అక్కడికి గోడకు స్క్రూలతో బిగించే రకమే కావాలి. దానికి అడుగు పట్టీ ఉండకూడదు, మెట్ల మీదికి తెరుచుకోకూడదు.

రెండేళ్లు దాటేసరికి, లేదా పిల్లలు గడియ తీయడమో, గేటెక్కడమో మొదలెడితే అంతకుముందే, తీసేయాలి. అడ్డపట్టీలున్న నమూనాలు నిచ్చెనలా పనికొస్తాయి, నిలువు ఊచలవే కొనండి. పాతది కొంటుంటే నాలుగు బోల్టులూ, కప్పులూ ఉన్నాయో లేదో, గడియ ప్లాస్టిక్ ముక్క పగిలిందేమో చూసుకోండి.