రీసేల్‌లో హాలిడే మెంబర్‌షిప్ కొన్నాం, మెయింటెనెన్స్ దగ్గర జాగ్రత్త (3.5/5)

మాది బరంపురం. పిల్లల్ని ఏటా ఎటైనా తిప్పుదామని ఒక హాలిడే క్లబ్ మెంబర్‌షిప్ రీసేల్‌లో తీసుకున్నాం, ఇంకా 11 ఏళ్ళుంది, ఏడాదికి ఒక వారం వాళ్ళ రిసార్టుల్లో ఉండొచ్చు. అమ్మింది మా వీధిలో రిటైరైన మాస్టారు, పాపం మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికీ వెళ్ళలేకపోతున్నారు. లక్షా పదివేలంటే చవకే అనుకున్నా గానీ మా ఆవిడ "ఏడాదికి మెయింటెనెన్స్ ఎంత మాస్టారూ?" అని అడిగింది, అప్పుడు బయటపడింది 19 వేలని, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 22 వేలు దాటిపోద్ది, వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాల్సిందే, పైగా రెండేళ్ళ బాకీ కూడా ఉంది.

కంపెనీకి ఫోన్ చేసి తగ్గించమంటే ఫీజు అందరికీ ఒకటేనండీ అనేశారు. మరింక బేరం ఆడాల్సింది అమ్మేవాళ్ళతోనే కదా. పాత మూడేళ్ళ రసీదులు అడిగి చూస్తే ఏటా పెరుగుతూనే ఉంది, అవి ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడాం, చివరికి ధర 60 వేలకి కుదిరింది, పాత బాకీ, ఈ ఏడాది ఫీజు మాస్టారు కట్టేలా, మెంబర్‌షిప్ మా పేరుకి మార్చే ట్రాన్స్‌ఫర్ ఛార్జీ మేం కట్టేలా. బాకీ ఏం లేదని కంపెనీ నుంచి మెయిల్ వచ్చాకే డబ్బులిచ్చాం, ఇది మాత్రం ఎవరూ వదలొద్దు.

రూములు శుభ్రంగా ఉన్నాయి, స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు. పేరు మార్చడానికే రెండు నెలలు తిప్పారు, దసరా సెలవులకి రూమే దొరకలేదు, అందుకే ఒకటిన్నర తగ్గించాను.