ఎనభై రూపాయల పౌరుషం, మహేంద్రగిరి దారిలో నాలుగు గంటలు

పలాసలో మేం దిగిన లాడ్జి పేరు చెప్పను. గదిలో అడుగుపెట్టగానే తలుపు పక్కనున్న డబ్బాలో ఒక కార్డు గుచ్చాలి. గుచ్చితే లైట్లు, ఫ్యాను, ప్లగ్గులు పనిచేస్తాయి. తీస్తే అన్నీ ఆగిపోతాయి. తాళం గుత్తి కూడా ఆ కార్డుకే ఉంటుంది కాబట్టి గది దాటితే కార్డు మన చేతిలో ఉండాల్సిందే. ఇందులో మోసమేం లేదు, కరెంటు ఆదా కోసం ఈమధ్య చాలాచోట్ల పెడుతున్నారు. మాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. మేమేమో మూడు ఫోన్లు, ఒక పవర్ బ్యాంకు మేం తెచ్చుకున్న ప్లగ్గుల పెట్టెకి గుచ్చి, హాయిగా తాళం వేసుకుని మందస వెళ్ళిపోయాం.

విజయనగరం నుంచి బయల్దేరింది నలుగురం. నేను, మా ఆయన, తొమ్మిది చదువుతున్న మా వాడు, మా తమ్ముడు. ముక్కనుమ నాడు రైలెక్కాం, నిలబడే వచ్చాం, సరే. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూశాం. రాతి గోపురం ఒడిశా పద్ధతిలో కట్టింది, సాయంత్రం ఎండలో బాగుంది. అరకిలో కోవా 180 పెట్టి కొన్నాం. మందస కోవా గురించి విన్నది నిజమే, తీపి తక్కువ, పాలు ఎక్కువ. రైల్లో తెచ్చుకున్న అరిసెలు దాని ముందు చిన్నబోయాయి. మర్నాడు ఎక్కబోయే మహేంద్రగిరి కొండకి ఆటో మాట్లాడుకుని, ఫారెస్టు వాళ్ళని కూడా కనుక్కుని, రాత్రి ఎనిమిదిన్నరకి గదికొచ్చాం.

కార్డు గుచ్చాను. ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యిమన్నాయి, అంటే ఛార్జింగ్ అప్పుడే మొదలైందన్నమాట. పది నిమిషాలకి కరెంటు పోయింది.

జనరేటర్ వేశారు. అది లైటుకీ ఫ్యానుకీ మాత్రమేనట, ప్లగ్గులకి రాదు. మా ఆయన కిందికి దిగి అడిగితే కౌంటర్లో కుర్రాడు, "ఫోన్లు ఇక్కడ ఇచ్చేయండి సార్, మేం పెడతాం. ఒక్కోటి ఇరవై" అన్నాడు. పవర్ బ్యాంకుతో కలిపి నాలుగు, ఎనభై రూపాయలు. అప్పటికే మా ఆయన మండిపోతున్నారు. ఫోన్లో గది 1,400 అని చెప్పి, వచ్చాక పండగ రేటని 1,700 చేశారు. అదనపు పరుపుకి 300. గీజర్ ఉంది గానీ రాదు, వేడినీళ్ళు బకెట్టు 30. వీటన్నిటికీ నోరు మూసుకున్న మనిషి సరిగ్గా ఆ ఎనభై దగ్గర నిలబడిపోయారు. "ఛార్జింగ్‌కి కూడా డబ్బులా? అక్కర్లేదు" అని పైకొచ్చేశారు. కరెంటు ఎప్పుడొచ్చిందో తెలీదు, తెల్లారి ఐదున్నరకి లేచేసరికి నా ఫోను 41, ఆయనది 23, తమ్ముడిది 58. పవర్ బ్యాంకులో ఒక్క చుక్క వెలుగుతోంది.

నేను ఇవ్వాళ ఎవరికైనా చెప్పేది ఒక్కటే. అడవికి వెళ్ళేముందు రాత్రి దిగే లాడ్జిలో మంచం మెత్తగా ఉందా అని అడక్కండి. ప్లగ్గులు రాత్రంతా పనిచేస్తాయా, జనరేటర్ వాటికీ వస్తుందా అని అడగండి.

మహేంద్రగిరి ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో రాతి గుళ్ళున్నాయి, శివరాత్రికి పెద్ద జాతర. ఒడిశా వైపు నుంచి పైదాకా రోడ్డుంది, కారులో వెళ్ళిరావచ్చు. కాలినడక కావాలని పట్టుబట్టింది మా తమ్ముడు. మందస వైపు కొండ కింద సవర గిరిజనుల ఊరుదాకా ఆటో, అక్కడి నుంచి నడక. ఆటో రానూపోనూ, రోజంతా ఆగడానికీ కలిపి 1,800.

దారి చూపడానికి ఊళ్ళోంచి ఒక తాత వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. 800 అన్నాడు, బేరం ఆడలేదు. బయల్దేరేముందు ఇంటి గుమ్మంలో ఉన్న భార్యతో ఏదో చెప్పాడు. ఏం చెప్పావు తాతా అంటే, "పొద్దు గుంకీలోగా రాకపోతే కుర్రోళ్ళని పంపమన్నాను" అన్నాడు. రొంటిన ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బటన్ల ఫోను. ఎన్ని రోజులు వస్తుంది ఛార్జింగ్ అని మావాడు అడిగాడు. నాలుగు రోజులట. మావాడు నా ఫోను వైపు చూశాడు, నేను చూడనట్టు నడిచాను.

జీడి తోటలు దాటగానే తాత తన ఫోన్లో పాటలు పెట్టాడు, గొంతు పగిలేలా. మా తమ్ముడు మొహం చిట్లించి చెవుల్లో తన పాటలు తను పెట్టుకున్నాడు. తాత ఆగిపోయాడు.

"బావూ, సెవిలో అయి తీసీండి. ఎలుగొడ్డు మసిల్తే మీకు ఇనబడాల, మీరొత్తన్నట్టు దానికీ ఇనబడాల."

పలాస, మందస చుట్టుపక్కల తోటల సీమని ఉద్దానం అంటారు, అక్కడి ఎలుగుబంట్ల సంగతి శ్రీకాకుళం జిల్లాలో తెలియని వాళ్ళు లేరు. తోటల్లోకే వచ్చి మనుషుల్ని చీల్చిన రోజులున్నాయి. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు, హఠాత్తుగా ఎదురుపడితే భయపడి మీద పడుతుంది. ముందే చప్పుడు వినబడితే చాలాసార్లు తప్పుకుంటుంది. అందుకే ఆ పాటలు. మాటల్లో తాత చిన్నతనం వచ్చింది. వాళ్ళ అయ్యతో వేటకి వెళ్ళేవాడట. పది పదిహేనుమంది కొండంతా పరుచుకుని, ఒకరికొకరు కూత వేసుకుంటూ నడిచేవారట. కూత ఆగితే ఎవడెక్కడున్నాడో తెలీక, పొద కదిలిందని మనిషినే కొట్టేసిన సంగతులున్నాయి అన్నాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, వేట నేరమైంది. ఇప్పుడు దొంగచాటుగా వెళ్ళేవాళ్ళు ఫోను మోగకుండా పెట్టుకుంటారని, పందుల కోసం కరెంటు తీగలు లాగుతారని చెప్పాడు. "తుపాకీ అయితే సప్పుడుంటాది. తీగకి సప్పుడుండదు" అన్నాడు. చీకటి పడ్డాక తోట గట్ల మీద నడవొద్దని మాకు రెండుసార్లు చెప్పాడు.

మొదటి గెడ్డ, అంటే కొండవాగు, దాటేసరికి నా ఫోన్లో సిగ్నల్ గీతలు మాయం. ఒకసారి ఒడిశా టవర్ పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మళ్ళీ వెతుకుతుంది. దొరకని సిగ్నల్ కోసం వెతికేటప్పుడే ఫోను ఎక్కువ బ్యాటరీ తింటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసి ఉంటే సాయంత్రం దాకా సుఖంగా వచ్చేది. దారి చూపే చుక్క ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఫోను ఉపగ్రహాల నుంచి వచ్చేది వింటుందే గానీ, దానికి టవర్ అక్కర్లేదు. నాకివన్నీ తెలుసు, చేయలేదు. పైగా మ్యాపు ముందే దింపుకోలేదు. తెరిస్తే తెల్లకాగితం మీద నీలం చుక్క. మేం ఎక్కడున్నామో ఫోనుకి తెలుసు, మాకు మాత్రం చెప్పలేదు.

పైదాకా వెళ్ళలేదు. రెండు దాటాక మబ్బు కిందికి దిగింది, తాత తిరుగుదాం అన్నాడు, తిరిగాం. రెండున్నరకి, రెండో గెడ్డలో నాచు పట్టిన రాయి మీద తమ్ముడి కాలు జారింది. చీలమండ తిరిగిపోయింది. లేవబోయి మళ్ళీ నీళ్ళలోనే కూర్చుండిపోయాడు, జేబులో ఫోనుతో సహా.

లెక్క చూసుకున్నాం. తమ్ముడి 58 నీళ్ళపాలు. మా ఆయన ఫోను ఒంటిగంటకే ఆరిపోయింది. పవర్ బ్యాంకు ఇటుక. నా దాంట్లో 6, గీత ఒక్కటి కూడా లేదు. 112కి కొట్టి చూశాను. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం అన్నిటికీ ఆ ఒక్క నంబరే, మన సిమ్ టవర్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ ఉంటే దాని మీద కూడా వెళ్తుంది. కానీ ఆ లోయలో ఏ కంపెనీదీ లేదు. మావాడు ఫోను పైకెత్తి గెడ్డ పొడవునా నడిచాడు, ఒక్క శాతం పోయింది.

తాత నా చేయి పట్టుకుని ఆపాడు. "ఇది గోతమ్మా, ఇక్కడ రాదు. పైన సప్పట రాయుంది, అక్కడ్నించి మందస పొలాలు కనబడతాయి. కనబడితే పలుకుతాది." అంతే సంగతి. మైదానంలో టవర్లకీ మనకీ మధ్య కొండ అడ్డం లేని చోటికి వెళ్ళాలి. మేమేమో ఊరు దగ్గరవుతుందని ఇంకా కిందికి దిగుదాం అనుకుంటున్నాం. తాత నా ఫోను కూడా అడిగి తీసుకున్నాడు, పైకెళ్ళాక వేయమని చెప్పి, నేను దాన్ని కట్టేసి ఇచ్చాను. కట్టేసేముందే ఆటో అబ్బాయికి ఒక మెసేజ్ రాసి పెట్టాను. మాట అందని చోట కూడా ఒక్క క్షణం గీత వస్తే చాలు, మెసేజ్ పోతుంది. "రెండో గెడ్డ, పెద్ద మద్ది చెట్టు దగ్గర, కాలు బెణికింది, నలుగురు మనుషులు కావాలి." అక్షాంశం రేఖాంశం పెడదామంటే మా ఆయన, "ఆటో అబ్బాయికి అవి దేనికి, చెట్టు చాలు" అన్నారు. ఆ రోజు ఆయన అన్న మాటల్లో పనికొచ్చింది అదొక్కటే.

తాత వెళ్ళాక అడవి ఒక్కసారి నిశ్శబ్దమైంది. పాటల చప్పుడు లేదు. నీళ్ళ మోత, మబ్బు, తమ్ముడి మూలుగు. నాకు ఊరికే తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో ఆ తుపాను ఈ ఉద్దానం మీదనే పడి కొబ్బరి చెట్లనీ కరెంటు స్తంభాలనీ పడగొట్టినప్పుడు, పలాసలో ఉన్న మా పిన్నికి రెండు రోజులు ఫోను కలవలేదు. అప్పుడు అమ్మ ఫోను ముందు ఎలా కూర్చుందో, విజయనగరంలో ఇప్పుడు అలా కూర్చోవడానికి కూడా ఎవరూ లేరు, ఎందుకంటే ఎక్కడికి వెళ్తున్నామో అమ్మకి చెప్పలేదు. చెబితే వద్దంటుందని.

మా ఆయన తమ్ముడి పాదం కిందపెట్టి, తన తువ్వాలు తడిపి చుడుతూ, ఎవరివైపూ చూడకుండా అన్నారు. "ఎనభై ఇచ్చేస్తే పోయేది."

నేనేమీ అనలేదు. పెళ్ళై పదహారేళ్ళలో ఆయన ఆ మాట అనడం మొదటిసారి.

ముప్పావు గంటకి పైనుంచి కూత వినిపించింది. మనిషి ఇంకా కనబడలేదు. మావాడు ఎవరూ చెప్పకుండానే నోటి దగ్గర చేతులు పెట్టి తిరిగి కూశాడు. తాత ఫోనూ కలిసింది, నా మెసేజూ పోయింది. ఇంకో గంటన్నరకి ఊరి కుర్రాళ్ళు నలుగురు వెదురు బొంగు, దుప్పటితో వచ్చారు. డోలీ కట్టారు. ఇలా మనుషుల్ని మోయడం వాళ్ళకి అలవాటైన పని, అది గర్వపడాల్సిన విషయమేం కాదు. చీకటి పడుతుండగా, ఆరున్నరకి ఊరు చేరాం. తాత భార్య అప్పటికే ఇంకో ఇద్దర్ని బయల్దేరదీస్తోంది.

వాళ్ళు ఇచ్చింది చోడంబలి (రాగి అంబలి), ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. ఆ పూట అంతకన్నా మంచి భోజనం నేను తిన్నట్టు గుర్తులేదు. కుర్రాళ్ళు ఏమీ అడగలేదు, బలవంతంగా 1,500 ఇచ్చాం. కోవా పొట్లం తాత మనవరాలికి. 108కి చేద్దామా అంటే ఆటో వాకిట్లోనే ఉంది. పలాసలో డాక్టరు 300, ఎక్స్‌రే 450, ఎముక విరగలేదు. ఆటో అబ్బాయికి 300 ఎక్కువిచ్చాం. అతను తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

లాడ్జి వాళ్ళు మొహమాటపడలేదు. మర్నాడు కుంటుకుంటూ దిగడం ఆలస్యమైందని ఇంకో 400 వేశారు. మొత్తం రెండు రాత్రులకి, వేడినీళ్ళతో కలిపి 4,640. నేను ఈసారి రెండో రాత్రి ఫోన్లు కౌంటర్లో ఇచ్చి ఎనభై కట్టాను, అది కాక.

అదే రోజు తేలినీలాపురం కొంగలూ పెలికాన్లూ చూసి, బారువ బీచిలో కూర్చుని వచ్చాం, బాగుంది. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది అక్కడే. మేం జారిపడిన నీళ్ళే ఇక్కడికి వస్తాయా అని మావాడు అడిగాడు. తమ్ముడు వాణ్ణి కొట్టబోయాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్. లాడ్జివాళ్ళు స్టార్లు పెట్టమని అడగడానికేమో అనుకుని తిరిగి చేశాను. తాత.

"సేరారా అమ్మా? సేరాక ఒక్క మిస్సుడు కాలు ఇమ్మన్నాను కదా, మరిసిపోనారేటి? మూడు దినాలై సప్పట రాయికాడికి ఎక్కి దిగతన్నాను."