ఉన్నచోటే పట్టానా, ఊరి చివర ఇల్లా?

వరంగల్ బస్తీల్లో పేదల ఇళ్ల మాట వస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఉన్న జాగాకే పట్టా. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 అభ్యంతరం లేని ప్రభుత్వ భూముల్లో 125 గజాల లోపు పేదల ఇళ్లను ఉచితంగా క్రమబద్ధీకరించడానికే. రెండోది, రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇల్లు.

కొత్త ఇంట్లో టాయిలెట్, వంటగది, కురవని కప్పు ఉంటాయి. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఇల్లు ఎక్కడ కట్టారన్నదే అసలు ప్రశ్న. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ పొద్దున్నే యార్డులో ఉండాలి. లక్ష్మీపురంలో కూరగాయలు అమ్మే అక్క ఇంకా ముందే బయల్దేరాలి. ఊరి చివరి ఇంటి నుంచి ఆ వేళకు బస్సు దొరక్కపోతే రోజు సంపాదనలో కొంత ఆటోకే పోతుంది. పక్కింట్లో పిల్లల్ని అప్పజెప్పి పనికెళ్లే వీలూ పోతుంది. అందుకే నా మొగ్గు పట్టావైపే. అయితే దానివెంట నల్లా, డ్రైనేజీ కూడా రావాలి.

నాలా ఒడ్డున మాత్రం లెక్క వేరు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరంలో కాలనీలు మునిగాయి. అలాంటి చోట పట్టా ఇస్తే ముంపును రాసిచ్చినట్టే. అక్కడివాళ్లను తరలించాల్సిందే. కానీ దగ్గరలోనే, కొత్త ఇంటి తాళం చేతికిచ్చాకే గుడిసె తీయాలి. నాలాను ఆక్రమించిన పెద్ద భవనాలకూ అదే కొలత పెట్టాలి.